మిక్చర్ స్క్రూ బిగించినంత మాత్రాన మైలేజీ పెరగదు

ప్రశ్న: సార్, నాది 100 సీసీ బైక్. కొని 11 ఏళ్లయింది. మొదట్లో లీటరుకు 60 కిలోమీటర్ల దాకా ఇచ్చేది. ఏడాదిగా తగ్గుతూ వచ్చి 42కి దిగింది. మూడు నెలల కిందట ప్లగ్ తీసి చూస్తే మసి పట్టి నల్లగా ఉంది. మెకానిక్ కార్బురేటర్ మిక్చర్ స్క్రూ బాగా లోపలికి బిగించి, మైలేజీ సెట్టింగ్ పెట్టానన్నాడు. వారం రోజులు బాగానే అనిపించింది. ఇప్పుడు యాక్సిలరేటర్ ఇవ్వగానే బండి ఒక క్షణం వెనకాడుతోంది. వదిలేస్తే సైలెన్సర్‌లో టప్ టప్ అని కొడుతోంది. ఎక్కడైనా ఆగితే ఇంజన్ ఆగిపోతోంది. అందుకని చోక్ సగం లాగే నడుపుతున్నాను. అయినా మైలేజీ 40 దాటట్లేదు. పెట్రోల్ ఆదా కావాలంటే ఆ స్క్రూ ఎన్ని చుట్లు బయటికి ఉండాలి?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎన్ని చుట్లు అన్నదానికి జవాబు చెప్తాను. కానీ అంతకంటే ముందు, మీరు మామూలు విషయంలా రాసేసిన ఒక మాట దగ్గర ఆగాలి. చోక్ సగం లాగి నడుపుతున్నానన్నారు. ప్రస్తుతం మీ పెట్రోల్ దండిగా పోతున్న దారి అదే. చల్లగా ఉన్న ఇంజన్ అంటుకోవడానికి పెట్టిన ఏర్పాటు చోక్. కొన్ని కార్బురేటర్లలో అది గాలి దారికి అడ్డంగా మూసుకునే రేకు, కొన్నింటిలో అదనపు పెట్రోల్ దారిని తెరిచే చిన్న ప్లంజర్. ఏ రకమైనా చేసేది ఒక్కటే, మామూలు కంటే చాలా ఎక్కువ పెట్రోల్‌ని ఇంజన్‌లోకి పంపుతుంది. వేడెక్కిన ఇంజన్‌కి అది అక్కర్లేదు. స్క్రూ బిగించి చుక్కలు చుక్కలుగా మిగిల్చింది, చోక్ దారిలో ధారగా పోతోంది. స్క్రూ అంత బిగించి ఉండకపోతే మీకు చోక్ లాగే అవసరమే వచ్చేది కాదు.

గాలిలో పెట్రోల్ కలిపి (ఆ కలయికే మిక్చర్) ఇంజన్‌కి పంపే కార్బురేటర్ మొత్తానికి ఆ స్క్రూ ఒక్కటే కుళాయి అని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని మాట చెల్లేది చాలా కొద్ది మేర. ఐడ్లింగ్‌లోనూ, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడూ, ఆ తర్వాత యాక్సిలరేటర్ గ్రిప్ ఎనిమిదో వంతు, మహా అయితే పావు వంతు తిప్పేదాకానూ అంతే. అక్కడ పెట్రోల్ పైలట్ జెట్ అనే సన్నటి రంధ్రం నుంచి వస్తుంది. పావు నుంచి ముప్పావు దాకా పెత్తనం, గ్రిప్ తిప్పితే పైకి లేచే స్లైడ్‌కి వేలాడే నీడిల్‌ది, అది దిగే నీడిల్ జెట్‌ది. మెయిన్ జెట్ వంతు వచ్చేది ముప్పావు దాటాకే. ఈ హద్దులు గీత గీసినట్టు ఉండవు, ఒకదాని మీదికి ఒకటి కొంత వస్తుంటాయి. కానీ 100 సీసీ బండి మీద 45, 50 వేగంతో నిలకడగా పోతున్నప్పుడు మీరు చాలావరకు నీడిల్ పరిధిలోనే ఉంటారు. రోజూ ఖర్చయ్యే పెట్రోల్‌లో ఎక్కువ భాగం అక్కడే ఖర్చవుతుంది.

ఇప్పుడు మీ నల్లటి ప్లగ్ సంగతి చూద్దాం. అది స్క్రూ బిగించక ముందే నల్లగా ఉంది. ఇంజన్ సరిగ్గా మండుతుంటే ప్లగ్ మూతి దగ్గరి పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటుంది. పొడి మసి పట్టిందంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ, అంటే మిక్చర్ రిచ్‌గా ఉంది. అది మసి కాకుండా తడిగా, నూనె జిడ్డులా ఉంటే కథ వేరు, రింగులో వాల్వ్ సీళ్లో అరిగి ఇంజన్ ఆయిల్ పైకి వస్తోందని అర్థం. మీరు మసి అని రాశారు కాబట్టి మొదటిదే అనుకుంటున్నాను. ఏడాదిగా మెల్లగా దిగుతూ వచ్చిన మైలేజీ, దానికి తోడు మసి పట్టిన ప్లగ్. ఎక్కడో ఏదో అరగడమో, మూసుకుపోవడమో, సరిగ్గా మూసుకోకపోవడమో జరిగితే ఇలా ఉంటుంది. స్క్రూ తనంతట తాను ఏడాదిపాటు తిరగదు. రోగం నీడిల్ దగ్గరో చోక్ దగ్గరో ఉంటే మందు ఐడ్లింగ్‌కి వేశారు. అందుకే మీ బండి ఇప్పుడు ఐడ్లింగ్‌లో లీన్‌గా (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ), రోడ్డు మీద రిచ్‌గా, రెండు విధాలా పాడైన స్థితిలో ఉంది.

లీన్‌గా పెడితే మైలేజీ వస్తుందన్న నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండడానికి లెక్క ప్రకారం 14.7 గ్రాముల గాలి కావాలి. గరిష్ఠ శక్తి కావాలంటే గాలి కాస్త తగ్గించి 12.5, 13 దగ్గర ఉంచుతారు. పొదుపు కావాలంటే కాస్త పెంచి 15.5, 16 దగ్గర. అంటే లీన్ వైపు లాభం ఉన్న మాట వాస్తవమే, కానీ ఆ మెట్టు చాలా సన్నం. అది దాటితే మిక్చర్ సరిగ్గా అంటుకోక కొన్ని స్ట్రోకులు మిస్సవుతాయి. మండని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి అక్కడ పేలుతుంది. మీరు విన్న టప్ టప్ అదే. పైగా లీన్ మిక్చర్ నెమ్మదిగా మండుతుంది. పికప్ తగ్గుతుంది, దాంతో తెలియకుండానే మీరు గ్రిప్ ఇంకాస్త తిప్పుతారు. మిగిలిందనుకున్నది అక్కడ తిరిగి ఖర్చవుతుంది. గాలితో చల్లబడే చిన్న ఇంజన్‌కి నిలకడ వేగంలో కూడా లీన్ అయితే ఎగ్జాస్ట్ వాల్వు, పిస్టన్ తల బాగా వేడెక్కుతాయి. వాల్వు కాలితే అయ్యే నష్టం ముందు ఆదా అయిన పెట్రోల్ ఏ మూలకూ రాదు.

పెట్రోల్‌లో ఎథనాల్ కలిసి వస్తుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఎథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది, అందువల్ల అదే జెట్‌తో మిక్చర్ ఇంకొంచెం లీన్ అవుతుంది. లీటరుకు దాని శక్తి పెట్రోల్‌లో ఇంచుమించు మూడింట రెండు వంతులే. 10 శాతం కలిస్తే 3 శాతం, 20 శాతం కలిస్తే 6, 7 శాతం దాకా మైలేజీ తగ్గడం సహజం. అంతవరకు తగ్గింది స్క్రూతో తిరిగి రాదు, దానికోసం ఇంకా బిగించడం అపాయం.

పని మొదలుపెట్టే ముందు కొలత సరిచూసుకోండి. 42 అన్నది ఎలా లెక్కేశారో రాయలేదు. లీటరు పోయించి బండి ఆగేదాకా నడిపే పద్ధతైతే నమ్మకండి. లీటరులో 100 మిల్లీలీటర్లు అటూ ఇటూ అయితే 10 శాతం తప్పు వచ్చేస్తుంది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ట్యాంకు మూతి లోపల కనిపించే ఒక గుర్తు దాకా నింపండి. కనీసం 200 కిలోమీటర్లు తిరిగాక, వీలైతే అదే పంపులో, మళ్లీ స్టాండ్ మీద పెట్టి అదే గుర్తు దాకా నింపించండి. 212 కిలోమీటర్లకి 4.1 లీటర్లు పట్టిందంటే 51.7 వచ్చినట్టు. ఇలా వరుసగా రెండు మూడుసార్లు చూస్తే గానీ అసలు అంకె తెలియదు. ప్రతి మార్పుకీ ముందు, తర్వాత ఈ లెక్క ఒక పుస్తకంలో రాసుకోండి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే దేనివల్ల లాభం వచ్చిందో ఎప్పటికీ తెలియదు.

కార్బురేటర్ విప్పే ముందు బయట చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటిని తొందరగానే చెప్పేస్తాను. న్యూట్రల్‌లో, సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఒక చుట్టు కూడా తిరగకుండా ఆగిపోతే బ్రేకు పట్టేస్తోంది, లేదా చైన్ మరీ బిగుతుగా ఉంది. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు చూడండి. ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, మీ బండి పుస్తకంలో చెప్పినంత ఉండాలి. అది తప్పితే కార్బురేటర్ ట్యూనింగ్ ఎంత చేసినా నిలబడదు. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టి చూడండి. దుమ్ముతో మూసుకుపోతే గాలి తగ్గి, జెట్ మీద లాగుడు పెరిగి, మిక్చర్ రిచ్ అవుతుంది. పేపర్ ఫిల్టర్‌ని కడగకూడదు, మార్చాలి. మైలేజీ పడిపోయిన బండ్లలో సగం చిక్కులు ఈ పేరాలోనే తీరిపోతాయని నా అనుభవం.

ఇక కార్బురేటర్. ఇంజన్ చల్లబడ్డాక, ఆరుబయట, పెట్రోల్ కాక్ మూసి చేయండి. చుట్టుపక్కల దీపం, సిగరెట్, స్విచ్చుల నిప్పురవ్వలు ఏవీ ఉండకూడదు. మొదట చోక్ చూడండి. లివర్ పూర్తిగా మూసినప్పుడు కేబుల్‌కి కొంచెం ఆట ఉండాలి. లాగి పట్టినట్టు బిగుతుగా ఉంటే లోపల ప్లంజర్ పూర్తిగా కూర్చోవట్లేదు, మీరు లాగకపోయినా చోక్ కొద్దిగా తెరిచే ఉంటుంది. ప్లంజర్ బయటికి తీస్తే దాని అడుగున చిన్న రబ్బరు బిళ్ల కనిపిస్తుంది. అది గట్టిపడి, గుండ్రంగా లోతైన గుంట పడి ఉంటే పెట్రోల్ ఆపలేదు. మీ ఉత్తరం చదవగానే నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే. ఏడాదిగా మెల్లగా దిగడానికి ఇది చక్కగా సరిపోతుంది.

తర్వాత ఫ్లోట్, అంటే పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే తేలే బిళ్ల. కార్బురేటర్ అడుగు గిన్నెలో పెట్రోల్ మట్టం ఎక్కువైతే ప్రతి జెట్ నుంచీ కాస్త ఎక్కువగానే వస్తుంది. రాత్రి బండి నిలిపినప్పుడు కాక్ తెరిచే ఉంచి, ఓవర్‌ఫ్లో గొట్టం కింద తెల్ల కాగితం పెట్టి ఒక గంట చూడండి. కాగితం మీద మరక పడితే, గిన్నె నిండగానే పెట్రోల్‌ని ఆపాల్సిన ఫ్లోట్ నీడిల్ మూతి అరిగింది. మరక పడకపోయినా మట్టం ఎక్కువ ఉండొచ్చు, అది పుస్తకంలో ఇచ్చిన కొలతతో పోల్చి చూడాలి.

అన్నిటికంటే పట్టించుకోనిది, పాత బండ్లలో ఎక్కువగా కనిపించేది నీడిల్, నీడిల్ జెట్ అరుగుదల. పై మూత విప్పి స్లైడ్‌ని స్ప్రింగుతో సహా పైకి లాగితే, దానికి వేలాడుతూ సన్నగా సూదిలా వస్తుంది నీడిల్. దాన్ని వెలుతురులో మెల్లగా తిప్పుతూ చూడండి. ఒక పక్క మాత్రమే నిలువుగా మెరిసే చార కనిపిస్తే అక్కడ జెట్ అంచుకి రాసుకుంటోంది. గోరు మీద ఆనించి తిప్పితే ఆ చార దగ్గర చదునుగా తగులుతుంది. అది దిగే రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటుంది. ఇంత చిన్నదానికి అంత తేడా వస్తుందా అనిపిస్తుంది. లెక్క చూడండి. రంధ్రం 2.60 మిల్లీమీటర్లు, ఆ ఎత్తులో నీడిల్ 2.50 అనుకుందాం. పెట్రోల్ పోయేది ఆ రెంటి మధ్య ఉండే ఉంగరం లాంటి సందులోంచి. రంధ్రం 0.05 మిల్లీమీటరు అరిగి 2.65 అయితే చాలు, ఆ సందు విస్తీర్ణం ఒకటిన్నర రెట్లు అవుతుంది. వెంట్రుక మందం కంటే తక్కువ అరుగుదల అది! రోజూ మీరు నడిపే వేగమంతా ఈ సందు మీదే ఆధారపడి ఉంటుంది. అరిగితే నీడిల్, జెట్ రెండూ జతగా మార్చాలి. కొన్ని కార్బురేటర్లలో ఆ జెట్ ఊడిరాదు, అప్పుడు కార్బురేటరే మార్చాల్సి వస్తుంది.

నీడిల్ పైభాగంలో సాధారణంగా కొన్ని గాడులుంటాయి, వాటిలో ఒకదాంట్లో క్లిప్ ఉంటుంది. క్లిప్‌ని పై గాడిలోకి మారిస్తే నీడిల్ కిందికి దిగి మిక్చర్ లీన్ అవుతుంది, కింది గాడిలోకి మారిస్తే రిచ్. అరుగుదల లేకుండా, ఫిల్టర్, చోక్, ఫ్లోట్ అన్నీ సరిగా ఉండి కూడా ప్లగ్ నల్లగానే వస్తుంటే, అప్పుడు ఒకే ఒక్క గాడి మార్చి చూడండి. మెయిన్ జెట్ జోలికి మాత్రం వెళ్లకండి. మైలేజీ కోసం చిన్న మెయిన్ జెట్ వేస్తే, ఎత్తు ఎక్కుతూ పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు, అంటే ఇంజన్‌కి చల్లదనం ఎక్కువ కావాల్సిన సమయంలో, పెట్రోల్ తక్కువ పడుతుంది.

శుభ్రం చేసేటప్పుడు జెట్ల రంధ్రాల్లోకి తీగ దూర్చకండి. ఇది నేను చేసి అనుభవించిన తప్పు. కొత్తల్లో ఒకసారి ఐడ్లింగ్ నిలవట్లేదని పైలట్ జెట్ తీసి, పాత క్లచ్ కేబుల్లోంచి ఒక ఉక్కు తీగ పీకి దానితో పొడిచాను. మూసుకున్నది తెరుచుకుంది, కానీ మెత్తటి ఇత్తడి రంధ్రం కూడా పెద్దదైపోయింది. ఆ తర్వాత స్క్రూ పూర్తిగా బిగించినా ఇంజన్‌లో ఏ మార్పూ లేదు, పెట్రోల్ వాసన, నల్లటి ప్లగ్. వారాల తరబడి స్క్రూనే తిప్పుతూ కూర్చున్నాను. చివరికి రెండు జెట్లూ పక్కపక్కన పెట్టి వెలుతురుకి పట్టి చూస్తే గానీ తేడా తెలియలేదు. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టడం చాలు.

ఇవన్నీ అయ్యాకే మీరు అడిగిన స్క్రూ. ముందు అది ఏ రకమో తెలియాలి. స్లైడ్‌కి ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోల్‌ని అదుపు చేస్తుంది, బయటికి తిప్పితే రిచ్. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని అదుపు చేస్తుంది, బయటికి తిప్పితే లీన్. మీకు లోపలికి బిగించాక లీన్ లక్షణాలు వచ్చాయి కాబట్టి మీది మొదటి రకమే అయ్యుండాలి, అయినా కళ్లతో ఒకసారి చూసుకోండి.

చల్లటి ఇంజన్ మీద స్క్రూని మెల్లగా లోపలికి తిప్పుతూ, ఆగేదాకా ఎన్ని చుట్లు వచ్చాయో రాసుకోండి. స్క్రూడ్రైవర్‌ని పిడికిలితో కాకుండా రెండు వేళ్లతో పట్టుకోండి. మెత్తగా ఆనినట్టు తెలియగానే ఆపేయాలి. దాని మొన సూదిలా ఉంటుంది. బలంగా బిగిస్తే మొన విరిగి రంధ్రంలో ఇరుక్కుంటుంది, లేదా కూర్చునే చోట గాడి పడుతుంది, అప్పుడు ఏ సెట్టింగూ నిలవదు. మీ స్క్రూ ఇప్పటికే బాగా బిగించారు కాబట్టి ఒకసారి పూర్తిగా బయటికి తీసి మొన చూడండి. దానితోపాటు స్ప్రింగు, చిన్న వాషరు, ఆవగింజంత ఓ-రింగ్ రావాలి. ఓ-రింగ్ లేకపోతే అక్కడి నుంచి దొంగ గాలి లాగుతుంది.

ఆనిన చోటు నుంచి పుస్తకంలో ఇచ్చినన్ని చుట్లు, అది దొరక్కపోతే రెండు చుట్లు బయటికి వదలండి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. బండిని పది నిమిషాలు నడిపి ఇంజన్ పూర్తిగా వేడెక్కనివ్వండి, చోక్ మూసి ఉండాలి. ఐడ్లింగ్ వేగాన్ని మార్చే ఐడిల్ స్క్రూతో వేగం మామూలు కంటే కొంచెం పెంచండి. ఇప్పుడు మిక్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పుతూ, ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగి వినండి. ఇంజన్ తడబడే చోటు గుర్తుపెట్టుకోండి. తర్వాత బయటికి తిప్పుతూ వెళ్తే వేగం పెరుగుతుంది, ఒకచోట నిలబడుతుంది, ఇంకా తిప్పితే మొద్దుబారి మళ్లీ పడుతుంది. ఆ రెండు చోట్ల మధ్య ఎక్కడ వేగం ఎక్కువగా, చప్పుడు నిలకడగా ఉందో అదే మీ బండికి సరైన సెట్టింగ్. చివర్లో ఐడిల్ స్క్రూతో వేగం తగ్గించి పుస్తకంలో చెప్పిన ఆర్‌పీఎంకి తెండి. చిన్న బండ్లకి సాధారణంగా 1300, 1500 మధ్య ఉంటుంది. ఎక్కువ బండ్లకి ఇది ఒకటిన్నర, రెండున్నర చుట్ల మధ్య కుదురుతుంది. మూడు చుట్లు దాటినా ఇంకా కావాలంటోందంటే పైలట్ జెట్ మూసుకుపోయింది, లేదా ఇంజన్‌కీ కార్బురేటర్‌కీ మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతోంది. ఐడ్లింగ్‌లో ఆ రబ్బరు చుట్టూ కొంచెం నీళ్లు చిమ్మితే, పగులు ఉన్న చోట ఇంజన్ చప్పుడు మారుతుంది. పూర్తిగా బిగించినా ఇంజన్ ఏమీ ఎరగనట్టు నడుస్తుంటే నా పాత జెట్‌లాగా రంధ్రం పెద్దదై ఉంటుంది, లేదా ఐడిల్ స్క్రూ మరీ పైకి పెట్టి ఉంటుంది.

గ్రిప్‌ని చటుక్కున తిప్పి చూడండి. వెనకాడకుండా అందుకోవాలి, వదిలితే వెంటనే ఐడ్లింగ్‌కి దిగి నిలబడాలి. పైన ఎక్కడో వేలాడి మెల్లగా దిగితే ఇంకా లీన్‌గా ఉంది, పావు చుట్టు బయటికి వదలండి.

60 తిరిగి వస్తుందా అంటే, 11 ఏళ్ల ఇంజన్‌కి మాటివ్వలేను. చోక్, నీడిల్, ఫిల్టర్ సరిచేశాక అంకె స్పష్టంగా పెరగాలి. మిగతాది మీ వేగంలో ఉంది. 50 నుంచి 70కి వెళ్తే ఎదురుగాలి బలం దాదాపు రెట్టింపవుతుంది, అది ఏ కార్బురేటరూ తగ్గించలేదు.

ఇదంతా చేయడానికి ఒక సెలవు రోజు పడుతుంది. అప్పటిదాకా ఆగకుండా రేపు పొద్దున్నే ఆ స్క్రూని అర చుట్టు బయటికి వదలండి. సరిపోకపోతే ఇంకో అర చుట్టు. ఇంజన్ వేడెక్కి చోక్ లేకుండా ఐడ్లింగ్ నిలిచేదాకా అలా చేసి, లివర్‌ని పూర్తిగా మూసేసి, కేబుల్ వదులుగా ఉందో లేదో వేలితో కదిపి చూడండి.